ఉప్సాలా కెథెడ్రల్: ఎరిక్ పేటిక దగ్గర తీరిగ్గా నిలబడండి

స్టాక్‌హోమ్ నగర చిహ్నంలో కిరీటం పెట్టుకున్న తల ఒకటి ఉంటుంది కదా, అది 12వ శతాబ్దపు స్వీడన్ రాజు సెయింట్ ఎరిక్‌ది. రోజూ చూస్తూ కూడా ఎవరో తెలుసుకోలేదు. అందుకే ఆయన అస్థికలు పేటికలో ఉన్న ఉప్సాలా వెళ్లాను. రైల్లో ముప్పావుగంట లోపే, కెథెడ్రల్‌లోకి టికెట్ లేదు.

మొదటిసారి ఒక టూర్ వాళ్లతో వెళ్లడం పొరపాటైంది. బయట 118.7 మీటర్ల ఎత్తు గురించి అరగంట చెప్పి, తీరా ఎరిక్ పేటిక దగ్గరికి వచ్చేసరికి రెండు ముక్కలు చెప్పి పదండి పదండి అన్నారు. మనసొప్పక నెల తర్వాత ఒక్కదాన్నే మళ్లీ వెళ్లాను.

కెథెడ్రల్ లోపలే ఫిన్‌స్టా చాపెల్ అనే చిన్న ప్రార్థనా గదిలో ఉందా పేటిక. బంగారు పూత వేసిన వెండి పేటిక, 1570ల్లో మూడో యోహాన్ రాజు చేయించాడు. 1160లో ఎరిక్ పూజ పూర్తయ్యేదాకా కదలకుండా కూర్చుని, ఆ తర్వాతే బయటికి వచ్చి శత్రువుల చేతిలో తల తెగి చనిపోయాడని కథ. 2014లో పేటిక తెరిచి ఎముకలు పరీక్షిస్తే 35-40 ఏళ్ల మనిషి, సుమారు 171 సెంటీమీటర్ల ఎత్తు, మంచినీటి చేపలు బాగా తిన్నవాడు అని తేలింది. చనిపోయే సమయంలో తగిలిన గాట్లు కనీసం 9, అందులో 7 కాళ్ల మీదే, మెడ ఎముక కూడా తెగి ఉంది! ఇవన్నీ చదువుకుని ఆ పేటిక ముందు నిలబడితే నాకు ఒళ్లు జలదరించింది.

పోప్ ఎప్పుడూ ఈయన్ని అధికారికంగా పునీతుడిగా ప్రకటించలేదు. అయినా మధ్యయుగంలో జనం పంటలు బాగా పండాలని ఈ అస్థికలను ఊరేగించేవారు. నాకు అన్నిటికంటే నచ్చింది ఇదే, పునీతుణ్ణి చేసింది ఆ రైతులే.

అదే చాపెల్‌లో స్వీడన్‌కే చెందిన సెయింట్ బిర్గిట్టా అమ్మానాన్నల సమాధి రాయి ఉంది, హడావిడిలో దాటేయకండి. ఎనిమిది మంది పిల్లల్ని కని, భర్త పోయాక రోమ్ వెళ్లి అక్కడే 1373లో కన్నుమూసిన బిర్గిట్టాను 1391లో పునీతురాలిగా ప్రకటించారు. ఇక రోమ్‌లోని పోప్‌తో తెగతెంపులు చేసుకున్న స్వీడన్ రాజు గుస్తావ్ వాసా సమాధి కూడా ఈ చర్చిలోనే ఉంది. ఎరిక్‌కి పేటిక చేయించిన యోహాన్ ఆయన కొడుకే.

ఐదుకి ఐదు ఇస్తాను. గైడ్ అక్కర్లేదు, వెళ్లేముందు ఎరిక్ గురించి కాస్త చదువుకుని, చాపెల్‌కే ఒక గంట ఉంచుకోండి. పైనున్న ట్రెజరీకి, అంటే చర్చి విలువైన వస్తువుల మ్యూజియానికి మాత్రం టికెట్ విడిగా కొనాలి.