హై వోల్టేజ్ ల్యాబ్‌లో ఎస్ఎఫ్6 బదులు కార్బన్ డయాక్సైడ్: ఏళ్లుగా వాడాక నా అభిప్రాయం

ఎస్ఎఫ్6 (సల్ఫర్ హెక్సాఫ్లోరైడ్, హై వోల్టేజ్ దగ్గర కరెంటు దూకకుండా ఆపే గ్యాస్) తీసేసి అదే చాంబర్‌లో అదే ప్రెజర్‌కి సీఓ2 నింపితే పనైపోతుందనుకునేవాళ్లకి ముందే చెప్తున్నా, అవ్వదు. ఒకే ప్రెజర్ దగ్గర, స్పార్క్ రాకుండా వోల్టేజ్‌ని తట్టుకునే సీఓ2 బలం ఎస్ఎఫ్6లో సుమారు మూడో వంతే. ఎస్ఎఫ్6 అణువు దారిలో వచ్చే ఎలక్ట్రాన్లని గబుక్కున పట్టేసుకుంటుంది, సీఓ2కి ఆ గుణం చాలా తక్కువ. ఆ లోటు ప్రెజర్‌తో పూడ్చుకోవాలి, అందుకే మా టెస్టులు ఎక్కువగా 6 నుంచి 10 బార్ మధ్య నడుస్తాయి.

అయితే ప్రెజర్ రెట్టింపు చేస్తే తట్టుకునే కిలోవోల్టులు రెట్టింపు కావు. తక్కువ ప్రెజర్‌లో పాషెన్ సూత్రం (స్పార్క్ వచ్చే వోల్టేజ్ గ్యాస్ ప్రెజర్, ఎలక్ట్రోడ్ల మధ్య దూరం లబ్ధం మీద ఆధారపడుతుందనేది) చెప్పినట్టే నడుస్తుంది గానీ, పైకి వెళ్లేకొద్దీ గ్యాస్ కంటే ఎలక్ట్రోడ్ల లోహపు ఉపరితలం మాటే చెల్లుతుంది. కంటికి ఆనని గీత ఒకటి, దుమ్ము నలుసు ఒకటి చాలు, స్పార్క్ ముందే వచ్చేస్తుంది. కొత్తగా పాలిష్ చేసిన ఎలక్ట్రోడ్లతో మొదటి కొన్ని స్పార్కులు తక్కువ వోల్టేజ్‌కే వచ్చేస్తాయి, తర్వాత మెల్లగా ఎక్కి ఒకచోట కుదురుకుంటుంది, ఆ కుదురుకున్నాక వచ్చినవే లెక్కలోకి తీసుకోండి. సూది లాంటి ఎలక్ట్రోడ్ అయితే ఇంకో విచిత్రం: కొంత ప్రెజర్ వరకు మొన చుట్టూ కరోనా (గ్యాస్‌లో సన్నగా మెరిసే విద్యుత్ డిశ్చార్జి) ఏర్పడి దాన్ని కాపాడుతుంది, అది దాటాక ప్రెజర్ పెంచుతుంటే బ్రేక్‌డౌన్ వోల్టేజ్ (స్పార్క్ దూకే వోల్టేజ్) పడిపోతుంది! నాకు ఈ గ్యాస్‌లో అన్నిటికంటే నచ్చిన పాఠం ఇదే.

సిలిండర్ సంగతి. 20 డిగ్రీల దగ్గర గేజ్ 57 బార్ చుట్టుపక్కల చూపిస్తుంది, లోపల ద్రవం ఉన్నంతసేపూ అంతే చూపిస్తుంది, కాబట్టి ఎంత మిగిలిందో తూకం వేస్తేనే తెలుస్తుంది. 31 డిగ్రీలు దాటితే లోపల ద్రవమనేదే ఉండదు, మన ఎండాకాలంలో గేజ్ బాగా పైకి పోతుంది, సిలిండర్‌ని నీడలో పెట్టండి. గ్యాస్ వేగంగా తీస్తే రెగ్యులేటర్ మీద మంచు కట్టి దారి మూసుకుపోతుంది, హీటర్ ఉన్నదే కొనండి.

ఓ-రింగుల (చాంబర్ అతుకుల్లో గ్యాస్ కారకుండా వేసే రబ్బరు రింగులు) విషయంలో మాత్రం నాకు నిజంగా ఫిర్యాదు ఉంది. సీఓ2 రబ్బరులోకి ఇంకుతుంది. చాంబర్ చాలాసేపు ప్రెజర్‌లో ఉంచి ఒక్కసారిగా వదిలేస్తే ఆ గ్యాస్ లోపలే ఉబ్బుతుంది. రింగు తీసి వేలితో తడిమితే పైన చిన్న చిన్న పొక్కులు తగులుతాయి, బ్లేడుతో కోస్తే లోపల చీలికలు కనిపిస్తాయి. వాల్వ్ మెల్లగా తిప్పితే రింగులు చాలా కాలం వస్తాయి.

స్పార్కులకి సీఓ2 విడిపోయి కార్బన్ మోనాక్సైడ్ పుడుతుంది, దానికి వాసన ఉండదు. వదిలే గొట్టం తప్పకుండా బయటికే పెట్టాలి. అసలు సీఓ2నే గాలి కంటే ఒకటిన్నర రెట్లు బరువు, కేబుల్ గుంటల్లో చేరుతుంది, రెండిటికీ మీటర్లు పెట్టించండి.

ఇన్ని చెప్పినా నేను వెనక్కి వెళ్లను. ఎస్ఎఫ్6 భూమిని వేడెక్కించే శక్తి వందేళ్ల లెక్కన దీనికి సుమారు 23,500 రెట్లు, పైగా ఆర్క్ (ఆగకుండా మండే పెద్ద స్పార్క్) తర్వాత అందులో మిగిలే విషపు పొడి తుడవడం, గ్యాస్‌ని తిరిగి పట్టడం పెద్ద టెన్షన్. ఇక్కడ ఆ పొడీ లేదు, తిరిగి పట్టే మెషీనూ అక్కర్లేదు. గ్యాస్ కొనేటప్పుడు మాత్రం వెల్డింగ్ గ్రేడ్‌తో సరిపెట్టకుండా తేమ తక్కువున్న హై ప్యూరిటీ అడగండి, నింపే ముందు చాంబర్‌ని వాక్యూమ్ చేయండి.