హాట్ ప్రెస్ కాటన్ బ్లాక్: నాలుగు వానాకాలాలు గడిచాక

నీటిరంగుల్లో తెల్లకొంగ రెక్క అంచుని తెల్ల రంగు పూయకుండా, వదిలేసిన కాగితంతోనే చూపించాలంటే హాట్ ప్రెస్ కాటన్ బ్లాక్‌ని (నున్నగా నొక్కిన దూది కాగితాలు, అంచుల్లో జిగురుతో కట్టగా అంటించినవి) మించిన కాగితం లేదు. మొదటి ఏడాది ఎవరడిగినా చెప్పిన మాట ఇది. ఇప్పుడూ అదే చెబుతాను, కాకపోతే డిసెంబరులో కొని మే లోపు వాడేసేవాళ్లకి. జూన్ దాటిందంటే బెజవాడలో ఈ బ్లాక్ మీద పెత్తనం తేమదే.

కాటన్ శాతం, జీఎస్ఎం (చదరపు మీటరుకి బరువు), షీట్ల లెక్క అట్ట మీదే ఉంటాయి, అవి వదిలేద్దాం. కంపెనీ పేరూ చెప్పను. పైన జెలటిన్ సైజింగ్ (రంగు లోపలికి ఇంకకుండా ఆపే జిగురు పూత) పూసిన ఏ కాగితానికైనా ఈ తేమ బాధ రావచ్చు. ఏడు బై పది అంగుళాల బ్లాక్ ఎంచుకోవడానికి కారణం ఒకటే: షీటుని సగానికి కోస్తే రెండు ఐదు బై ఏడు బొమ్మలు వస్తాయి. పిట్టలకీ ఉడుతలకీ అది చక్కని కొలత.

మంగళగిరి చీరకి గంజి ఎలాగో ఈ కాగితానికి సైజింగ్ అలాగ. అది సరిగ్గా ఉన్నంతకాలం రంగు పైపైనే కూర్చుంటుంది. లకుముకి పిట్ట ముక్కు మీద మెరుపు గీత కావాలంటే, ఆరిన రంగు మీద తడి బ్రష్ ఒక్కసారి లాగి టిష్యూతో అద్దితే చాలు, కింద తెలుపు బయటపడుతుంది. మూడు మిల్లీమీటర్ల కంటిలో కాంతి చుక్క వదిలేసి చుట్టూ ఒకటో నంబరు బ్రష్‌తో నలుపు తిప్పినా అంచు పాకదు. (బ్రష్ సింథటిక్‌దే చాలు. ముంగిస వెంట్రుకల బ్రష్ అమ్మినా కొన్నా 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద నేరం. జంతువుల బొమ్మలు వేసే చేతిలో అది ఎలాగూ ఉండకూడదు.)

ఇక గొడవకొద్దాం. సైజింగ్ పోయిన కాగితం చూడ్డానికి కొత్తదానిలాగే ఉంటుంది. పెన్సిల్ గీత బాగానే పడుతుంది. ఈకల వరసలు, కాళ్ల గోళ్లు, అన్నీ గీసేదాకా ఏమీ తెలియదు. మొదటి పల్చటి వాష్ (నీళ్లు ఎక్కువ కలిపిన రంగు పూత) వెయ్యగానే అక్కడక్కడ గుండుసూది తలంత ముదురు చుక్కలు లేస్తాయి. ఆరేకొద్దీ పెసరగింజంత అవుతాయి. ఆ చుక్కల దగ్గర రంగు కాగితం లోపలికి దిగిపోయి ఉంటుంది కాబట్టి ఎత్తుదామన్నా రాదు. రుద్దితే నూగు లేస్తుంది. గుంటూరు దగ్గరి ఉప్పలపాడు చెరువులో తుమ్మ కొమ్మల మీద కూర్చున్న గూడబాతునే తీసుకోండి. ఒళ్లంతా బూడిద కలిసిన తెలుపు. అల్ట్రామెరీన్ నీలంలో కాస్త బర్న్ట్ సియెన్నా గోధుమ రంగు కలిపి, టీ నీళ్లకన్నా పల్చగా వేసే వాష్ అది. చుక్కలు కొమ్మల్లో పడితే ఆకుల్లో కలిసిపోతాయి. పక్షి ఛాతీ మీద పడితే మాత్రం దానికి మశూచి వచ్చినట్టుంటుంది. వేసే రంగు ముదురైతే కనపడనిది లేత రంగులో కనపడుతుంది, కాబట్టి చెడిపోయిన కాగితం ఎప్పుడూ మనం ఎక్కువ జాగ్రత్తపడే చోటే దొరికిపోతుంది.

జెలటిన్ అంటే జంతువుల చర్మం, ఎముకల నుంచి తీసిన జిగురు. తేమ, వేడి కలిస్తే అది నెమ్మదిగా విచ్చిపోతుంది, బూజుకి తిండి అవుతుంది. మంచి కాగితం తడిపితే తడిసిన మేక వాసన వస్తుంది, దానికి భయపడక్కర్లేదు. తడపకుండానే ముక్కిన వాసన వస్తే అనుమానించండి. ఇక్కడ గమనించినంతలో బ్లాక్ అంచు నుంచి రెండంగుళాల మేర, పై రెండు షీట్లు ముందు పోతాయి. 2024 సెప్టెంబరు బుడమేరు వరద తర్వాత నీళ్లు తగలని పై అంతస్తుల్లో కూడా గోడలు నెలల తరబడి చెమ్మగా ఉన్నాయి. ఆ గోడలకి ఆనించిన బీరువాల్లోని బ్లాకులు మధ్య షీట్లతో సహా పోయాయి.

అన్ని మచ్చలూ సైజింగ్ ఖాతాలో వెయ్యడం కూడా తప్పే. మచ్చలు గీతల వెంట వరసగా వస్తే గట్టి రబ్బరుతో చెరిపిన తప్పు, మెత్తగా పిసికే రబ్బరు వాడాలి. వేలిముద్ర ఆకారంలో రంగు అంటకపోతే చేతి జిడ్డు. మాస్కింగ్ ఫ్లూయిడ్ (తెల్లగా మిగలాల్సిన చోట ముందు పూసి తర్వాత ఒలిచేసే రబ్బరు ద్రవం) తీసినచోట పొర లేచి వచ్చిందంటే దాన్ని ఎక్కువసేపు ఉంచేశారు. మే నెల ఎండలో రెండు గంటలు దాటితే అది కాగితాన్ని పట్టేస్తుంది. ఎక్కడపడితే అక్కడ, లెక్కా పత్రం లేకుండా వచ్చే చుక్కలే సైజింగ్ పోయిన గుర్తు.

పరీక్ష తేలిక. పెన్సిల్ పట్టకముందే, ఫ్రేమ్‌లో మౌంట్ (బొమ్మ చుట్టూ పెట్టే అట్ట) కింద దాగిపోయే నాలుగు అంచుల్లోనూ ఒక్కో నీటి చుక్క పెట్టండి. మంచి కాగితం మీద చుక్క ఉబ్బెత్తుగా, మెరుస్తూ నిమిషమైనా నిలుస్తుంది. పోయినదాని మీద పెట్టగానే ఇంకి, తడి గుడ్డలా నల్లబడుతుంది. అంచులు నెగ్గినా మధ్యలో నమ్మకం లేకపోతే స్ప్రే బాటిల్‌తో ఒకసారి సన్నగా చల్లి, కిటికీ వెలుతురులో ఏటవాలుగా చూడండి. ముదురు చుక్కలు కనపడితే ఆ షీటు పక్కన పెట్టేయాలి. కనపడకపోతే పూర్తిగా ఆరనిచ్చి గియ్యండి, ఏ నష్టమూ లేదు.

పక్కన పెట్టిన షీటుకి మళ్లీ జెలటిన్ పట్టించవచ్చు. ఇది పనిచేస్తుందని అనుకోలేదు, చేసింది. బేకరీ సామాన్ల షాపులో వాసన, తీపి లేని జెలటిన్ పొడి అడగండి. కొందరు దాని బదులు చైనా గ్రాస్ చేతిలో పెడతారు, అది సముద్రపు నాచుతో చేసేది, పనికిరాదు. వంద మిల్లీలీటర్ల చల్లటి నీళ్లలో రెండు గ్రాముల పొడి వేసి ఇరవై నిమిషాలు నాననివ్వాలి. తర్వాత వేడినీళ్ల గిన్నెలో ఆ గిన్నె పెట్టి కరిగించాలి, మరగకూడదు, మరిగితే జిగురు బలం పోతుంది. షీటుని బ్లాక్ నుంచి విడదీసి, చెక్క పలక మీద గమ్ టేపుతో నాలుగువైపులా అంటించి, గోరువెచ్చగా ఉన్నప్పుడే వెడల్పాటి మెత్తని బ్రష్‌తో ఒక్క వరసలో పూయాలి. ఒకసారి పూసినచోట మళ్లీ బ్రష్ తిప్పితే చారలు పడతాయి. పలకని నిలబెట్టకుండా పడుకోబెట్టి, ఫ్యాను కింద ఇరవైనాలుగు గంటలు ఆరనివ్వాలి. ఏడు బై పది షీటుకి ఓ పది మిల్లీలీటర్లు పడుతుంది. మిగిలింది ఫ్రిజ్‌లో రెండు రోజులకి మించి ఉంచొద్దు.

అయినా కొత్త కాగితం అవుతుందా అంటే, అవదు. ఉపరితలం కొంచెం నిగనిగలాడుతుంది, రంగు ఎత్తడం మునుపంత సులువుగా ఉండదు. ఇంకా బాగుంటుందని రెండో పూత వేస్తే వాష్ తామరాకు మీద నీళ్లలా జారి ముత్యాలు కడుతుంది. పైగా ఈ పని పొడి వాతావరణంలోనే, డిసెంబరు–ఫిబ్రవరి మధ్య చెయ్యాలి. ఆగస్టులో పూస్తే ఆరేలోపే బూజు పట్టే అవకాశం ఉంది. ఇలా బాగుచేసిన షీటు మీద లకుముకి వీపుకి థాలో బ్లూ వద్దు, ఆ నీలం మంచి కాగితాన్నే పట్టుకుని వదలదు. సెరూలియన్, కోబాల్ట్ టర్కాయిజ్ లాంటి నీలాలు తప్పు దిద్దుకోవడానికి వీలిస్తాయి.

దాచడం గురించి రెండు మాటలు. రబ్బరు అంచున్న బిగుతు ప్లాస్టిక్ డబ్బా, అందులో వంద గ్రాముల నారింజ రంగు సిలికా జెల్, పక్కన చిన్న తేమ మీటరు. యాభై శాతం దగ్గర ఉంచితే చాలు. ముప్పైకి దించితే కాగితం వంకర తిరిగి బ్లాక్ అంచు జిగురు చిట్లుతుంది. జెల్ ఆకుపచ్చగా మారితే ఓవెన్‌లో 120 డిగ్రీల దగ్గర మళ్లీ నారింజ రంగు వచ్చేదాకా ఆరబెట్టాలి. ఏసీ గదిలోంచి వరండాలోకి తెచ్చిన డబ్బాని గంటసేపు మూత తియ్యకండి. చల్లటి కాగితం మీద గాలిలో తేమ చెమటలా పడుతుంది.

గ్యాలరీలో పెట్టేవాళ్లకి మాత్రం ఇంకో చిక్కు ఉంది. చిన్న బొమ్మని జనం అడుగు దూరం నుంచి చూస్తారు, స్పాట్‌లైటు పక్కనుంచి పడుతుంది. ఇంట్లో ట్యూబ్‌లైటు కింద దాటిపోయిన చుక్క అక్కడ దాటదు. పంపేముందు టార్చిని పక్కనుంచి వేసి చూసుకోండి. ఫ్రేమ్ కట్టేవాళ్లు మామూలుగా బొమ్మని నేరుగా అద్దానికి ఆనించి వెనక హార్డ్‌బోర్డు కొట్టేస్తారు. ఇక్కడి తేమకి రెండు వానాకాలాల్లో బొమ్మ అద్దానికి అంటుకుంటుంది, జెలటిన్ కాగితమైతే మరీ త్వరగా. యాసిడ్ లేని మౌంట్ బోర్డు రెండు పొరలు వేయించండి, వెనక కింది మూలల్లో రబ్బరు బిళ్లలు అంటించి ఫ్రేమ్‌కీ గోడకీ మధ్య గాలి ఆడనివ్వండి. వాన కొట్టే గోడకి అసలు తగిలించొద్దు.

ఏసీ గదిలో ఏడాది పొడవునా పనిచేసేవాళ్లయితే ఇదే కొనుక్కోవచ్చు. నెలకి రెండు మూడు బొమ్మలు మాత్రమే వేసేవాళ్లు ఇరవై షీట్ల బ్లాక్ జోలికి పోకుండా, విడి షీట్లు నాలుగైదు తెచ్చుకోవడం నయం. లోపలి గుజ్జులోనే సింథటిక్ సైజింగ్ కలిపిన కాటన్ కాగితాలు ఈ వాతావరణాన్ని ఇంకాస్త ఎక్కువకాలం తట్టుకుంటున్నాయి. వాటి మీద కొంగ రెక్క అంచు ఇంత పదునుగా రాదు, అందుకే ఇంకా ఈ బ్లాక్ వదల్లేదు. పోయిన షీట్లని పారెయ్యకండి. గ్వాష్‌కి (కింద కాగితం కనపడకుండా దట్టంగా వేసే నీటిరంగు), పెన్సిల్ స్టడీలకి, నల్ల ఇంకుతో గీసే గిజిగాడి గూళ్లకి అవి బాగానే పనికొస్తున్నాయి.