విన్నిపసాకీలో సాల్మన్ వేట: ఏ వారానికి ఏ రేవు?

అమెరికాలోని న్యూ హ్యాంప్‌షైర్ రాష్ట్రంలోకెల్లా పెద్ద సరస్సు విన్నిపసాకీ. విస్తీర్ణం సుమారు 70 చదరపు మైళ్ళు, అందులో 250కి పైగా దీవులు. బాస్టన్, నాషువా వైపు నుంచి గాలాలు సర్దుకుని మొదటిసారి వచ్చేవాళ్ళు తరచూ ఒకే పొరపాటు చేస్తారు: ముందు బస బుక్ చేసుకుని, చేప సంగతి తర్వాత చూసుకుంటారు. ఇక్కడి సాల్మన్ ఏప్రిల్‌లో ఒక చోట ఉంటే జులైలో ఇంకో చోట ఉంటుంది. అందుకే ముందుగా ఏ వారమో ఖాయం చేసుకోండి, దాన్నిబట్టి రేవు, రేవునుబట్టి బస.

ఇది సముద్రం మొహం చూడని సాల్మన్. అట్లాంటిక్ సాల్మన్ జాతే అయినా బతుకంతా మంచినీళ్ళలోనే. స్మెల్ట్ అనే సన్నని వెండి రంగు చేప దీని ముఖ్యమైన తిండి. స్మెల్ట్ గుంపు ఎటు పోతే ఇదీ అటే. నీళ్ళు 50 నుంచి 58 డిగ్రీల ఫారెన్‌హీట్ మధ్య ఉంటే దీనికి హాయి. కొత్త సరస్సులో ఈ రెండూ పట్టుకుంటే సగం పని అయినట్టే.

సీజన్ ఏప్రిల్ 1 నుంచి సెప్టెంబర్ 30 వరకు. అయితే మంచు కరగనిదే పడవ దిగదు. మౌంట్ వాషింగ్టన్ అనే ప్రయాణికుల నౌక తన ఐదు రేవులకూ చేరుకోగలిగే రోజున మంచు వీడినట్టు ప్రకటిస్తారు. మామూలుగా అది ఏప్రిల్ రెండో సగంలో వస్తుంది, 2016లో మాత్రం మార్చి 18నే వచ్చేసింది. కాబట్టి తిరిగి డబ్బు ఇవ్వని బుకింగ్ ఏప్రిల్‌కి చేయకండి.

మంచు వీడిన మొదటి రెండు మూడు వారాలకు ఆల్టన్ బేకి మించింది లేదు. దక్షిణపు కొసన సన్నగా, పొడుగ్గా ఉంటుంది. మెర్రీమీటింగ్ నది వచ్చి కలిసేది ఇక్కడే. గుడ్లు పెట్టడానికి స్మెల్ట్ రాత్రిళ్ళు వాగుల్లోకి ఎక్కుతుంది, దాని వెంట సాల్మన్ ఒడ్డు దాకా వస్తుంది. చేప నీటి పైభాగాన 10, 15 అడుగుల్లోనే ఉంటుంది గనక బరువులతో పని లేదు. ఫ్లై (ఈకలు, వెంట్రుకలతో కట్టిన ఎర) అయితే పడవ వెనక 60 నుంచి 100 అడుగుల దూరాన, 20, 30 అడుగుల లీడర్‌తో, అంటే ఎరకు ముందు కట్టే సన్నని దారంతో వదలాలి. గ్రే గోస్ట్ లాంటి స్మెల్ట్ రూపు స్ట్రీమర్ ఫ్లైలు ఇక్కడ నిలకడగా పనిచేస్తాయి. వేగం గంటకు 2 మైళ్ళు, మరో పావు అటూ ఇటూ. స్మెల్ట్‌నే కొక్కేనికి కుట్టి లాగితే 1 నుంచి 1.5 మైళ్ళే, అంతకు మించితే ఎర గిరగిరా తిరిగి దారం మెలిపడుతుంది. సూటిగా పోకుండా మెల్లగా పాములా వంకర తిరగండి. మలుపులో బయటి గాలం వేగం అందుకుంటుంది, లోపలిది నెమ్మదించి కిందికి జారుతుంది. కాటు ఏ గాలానికి పడిందో చూస్తే వేగం పెంచాలో తగ్గించాలో, లోతు మార్చాలో ఒక అంచనా దొరుకుతుంది. ఒక్కటే ఇబ్బంది: ఉత్తరపు గాలి ఈ బే పొడుగునా నేరుగా లోపలికి తోసుకొస్తుంది. అప్పటి నీళ్ళు మంచుకన్నా కొద్దిగానే నయం, లైఫ్ జాకెట్ ఒంటి మీదే ఉండాలి.

ఆ వారాల్లో అద్దె పడవలు దొరకడం కష్టం. మోటెళ్ళు, మెరీనాలు చాలావరకు మే మధ్యలోనే తెరుస్తారు. సొంత పడవ లేనివాళ్ళు గైడ్‌ని పెట్టుకోవడమే మేలు. గాలాలు, ఎరలు అతనివే. మొదటిరోజు సగం పూట గైడ్‌తో తిరిగి, రాళ్ళు, లోతులు, తేడాలు మ్యాప్ మీద గుర్తు పెట్టుకుంటే మిగతా రోజులకు అదే పెట్టుబడి. బేరమాడేముందు రెండు విషయాలు అడగండి: పట్టిన చేప మనకే ఇస్తారా, గాలి ఎక్కువై వెనక్కి తిరిగితే డబ్బు సంగతేమిటి.

జూన్ వచ్చేసరికి పైనీళ్ళు వేడెక్కి సాల్మన్ దిగుతుంది. అప్పటినుంచి బ్రాడ్స్ అనే మధ్య భాగమే చోటు. దీనికి వుల్ఫ్‌బరో, గిల్ఫర్డ్‌లోని గ్లెండేల్ రేవు రెండూ దగ్గరే. ఇక్కడ లోపల సీసపు తీగ ఉండే లెడ్‌కోర్ దారం తప్పదు. ప్రతి 10 గజాలకూ రంగు మారుతుంది, 2 మైళ్ళ వేగంలో ఒక్కో రంగు సుమారు 5 అడుగులు దిగుతుంది. జూన్‌లో 4 రంగులు, అంటే 20 అడుగులతో మొదలుపెట్టండి. జులైలో 30 నుంచి 45 అడుగులు కావాలి, గుండుతో గాలాన్ని లోతుకు దించే డౌన్‌రిగ్గర్ ఉంటే 8, 10 పౌండ్ల గుండు చాలు. స్పూన్ (లోహపు రేకు ఎర) కడితే ముందు మంచి స్వివెల్ (దారం మెలిపడకుండా తిరిగే కొలికి) కట్టండి, లేదంటే గంటలో దారం తాడులా పేనుకుపోతుంది. పైన్ చెట్ల పసుపు పుప్పొడి నీటి మీద తెట్టు కట్టే రోజుల్లో దారం మీద పేరుకుని రింగుల్లో అడ్డుపడుతుంది, మధ్యమధ్య తుడుస్తూ ఉండాలి. జీపీఎస్ వేగాన్ని ఒక్కదాన్నే నమ్మకండి. గాలికి ఎదురుగా పోయేటప్పుడు, గాలివాటున పోయేటప్పుడు ఎర నడక వేరు. పడవ పక్కన ఎరని ముంచి దాని ఆట కళ్ళతో చూసుకోవడమే సరైన కొలత.

అద్దెకు దొరికేవి ఎక్కువగా పాంటూన్లు, అంటే తేలే గొట్టాల మీద బల్లపరుపుగా ఉండే పడవలు. గేర్ వేయగానే ట్రోలింగ్‌కి (నడిచే పడవ వెనక ఎర లాగడానికి) మించిన వేగం పోయేవే ఎక్కువ. నీళ్ళు పట్టి పడవను నెమ్మదింపజేసే గుడ్డ సంచి, డ్రిఫ్ట్ సాక్ ఒకటి తీసుకెళ్ళి వెనక లాగితే అదుపులోకి వస్తుంది, బిగించుకునే రాడ్ హోల్డర్లు కూడా మనవే ఉండాలి. మనిషికి రెండు గాలాల చొప్పున వేసుకోవచ్చు, అయినా కొత్త నీళ్ళలో పడవ మొత్తానికి మూడు చాలు.

పడవలకు దారి చూపే నీటి గుర్తులు ఇక్కడ వేరే పద్ధతి. నల్ల తల ఉన్న కర్రకు ఉత్తరంగానో తూర్పుగానో, ఎర్ర తల ఉన్నదానికి దక్షిణంగానో పడమరగానో పోవాలి. 25 హార్స్ పవర్ దాటిన ఇంజన్ నడపాలంటే బోటింగ్ సర్టిఫికెట్ ఉండాలి. ఒక ఔన్సు వరకూ బరువున్న సీసపు గుండ్లు, జిగ్గులు (సీసం పోసిన కొక్కేలు) నిషేధం, సీసం మింగి లూన్ పక్షులు చచ్చిపోతాయి గనక. లెడ్‌కోర్ దారానికి ఆ నిషేధం లేదు.

బసల్లో మా తీర్పు ఇది. వీర్స్ బీచ్‌లో మోటెళ్ళు ఎక్కువ, సందడీ ఎక్కువే. జూన్‌లో ఫాదర్స్ డే ముందు వారం లకోనియా మోటార్‌సైకిల్ వీక్, ఆ రోజుల్లో ధరలూ మోతా రెండూ భరించలేం. మెరెడిత్‌కు ఐ-93 నుంచి 23వ ఎగ్జిట్, 104వ రోడ్డు. దారి సులువు, హోటళ్ళు బాగుంటాయి, పిల్లలతో వచ్చేవాళ్ళకు ఇదే సౌకర్యం. ఎల్లకోయా స్టేట్ పార్క్ ఆర్‌వీలకే (లోపలే బస చేసే బళ్ళకే) గానీ గుడారాలకు కాదు. వేటే ముఖ్యమైతే సొంత డాక్, వంటగది ఉన్న చిన్న కాటేజీ తీసుకోండి: తెల్లారకముందే పడవెక్కొచ్చు, చింతపండు ముద్ద వెంట ఉంటే సాయంత్రానికి పులుసూ అవుతుంది.

ఉంచుకునే చేప కనీసం 15 అంగుళాలు ఉండాలి, బయల్దేరేముందు ఆ ఏటి నిబంధనలు చూసుకోండి. వదిలేసేదాన్ని మాత్రం ఒళ్ళు దగ్గరపెట్టుకుని వదలాలి. ఈ సాల్మన్ మూతి మెత్తన, కొక్కెం గాయమైన చేప సరిగ్గా ఎదగదు. మూడు కొక్కేల ట్రెబుల్ తీసేసి ఒకటే పెట్టండి, రబ్బరు వల వాడండి, నీళ్ళలో ఉండగానే కొక్కెం ఊడదీయండి. ఆగస్టులో పైనీళ్ళు వెచ్చగా ఉన్నప్పుడు లోతునుంచి లాగిన చేప ఆ వేడికే సొమ్మసిల్లుతుంది. ఆ నెలలో ఉంచుకోదగ్గవి చేతికి రాగానే గాలాలు చుట్టేయండి.