ప్రత్యేక విద్యలో పీజీ చివరి మూల్యాంకనం: సమగ్ర పరీక్షా, పోర్ట్‌ఫోలియోనా, పరిశోధనా? ఏది మేలు?

ప్రత్యేక విద్యలో, అంటే వైకల్యాలున్న పిల్లలకు బోధించే రంగంలో, స్నాతకోత్తర శిక్షణ ముగించబోయే విద్యార్థి ముందు సాధారణంగా మూడు మార్గాలు ఉంటాయి: చదివినదంతా ఒకేసారి పరీక్షించే సమగ్ర రాతపరీక్ష, శిక్షణ కాలంలో చేసిన పనిని కూర్చి సమర్పించే పోర్ట్‌ఫోలియో, ఒక ప్రశ్నను పట్టుకొని సాగించే పరిశోధన. ఎంచుకునే వీలున్నప్పుడు చాలామంది ఏది త్వరగా పూర్తవుతుందా అని చూస్తారు. కానీ ఈ వృత్తిలో ముందుగా చూడవలసింది మరొకటి ఉంది. ఒక బిడ్డ చదువు ముందుకు సాగడం లేదని గుర్తించి, తన బోధనను మార్చుకునే శక్తి ఆ ఉపాధ్యాయుడికి ఉందో లేదో ఈ మూడింటిలో ఏది బయటపెడుతుంది?

సమగ్ర పరీక్షను తక్కువ చేయకూడదు. వైకల్యాల స్వభావం, చట్టం కల్పించిన హక్కులు, మదింపు పద్ధతులు, ప్రవర్తనా సమస్యలు వంటివి వేర్వేరు సెమిస్టర్లలో ముక్కలుగా చదివినవారు వాటిని ఒకచోట కలిపి ఆలోచించేది ఇక్కడే. ఒక బిడ్డ పరీక్షా ఫలితాలను ఇచ్చి, వాటి ఆధారంగా వ్యక్తిగత విద్యా ప్రణాళికకు, అంటే ఆ బిడ్డ అవసరాలకు తగ్గట్టు విడిగా రాసే ప్రణాళికకు, లక్ష్యాలు రాయమని అడిగే ప్రశ్న కంఠస్థంతో దాటగలిగేది కాదు. అయినా కాగితం మీది బిడ్డ అలసిపోదు, ఏడవదు, నిన్న నేర్చినది ఈ రోజు మరిచిపోదు. అందుకే ఈ పరీక్ష తరగతిలోకి అడుగుపెట్టే ముందు పెట్టవలసిన గడప అని, శిక్షణకు ముగింపుగా అది ఒక్కటే చాలదని నా అభిప్రాయం.

పోర్ట్‌ఫోలియోలో నిజమైన పిల్లలు ఉంటారు. విద్యా ప్రణాళికలు, ఒక ప్రవర్తన ఎందుకు కొనసాగుతోందో వెతికిన మదింపు, పాఠాల వీడియోలు, వాటిపై విద్యార్థి రాసుకున్న విశ్లేషణ అన్నీ ఇందులో చేరతాయి. అమెరికాలో 2013 నుంచి విస్తృతంగా వాడుకలోకి వచ్చిన ఎడ్‌టీపీఏ (edTPA) అనే ఉపాధ్యాయ అభ్యర్థుల మూల్యాంకనం కూడా ఈ కోవలోదే. ప్రత్యేక విద్య అభ్యర్థులు అందులో ఒక బిడ్డను కేంద్రంగా తీసుకొని ప్రణాళికను, బోధనను, మూల్యాంకనాన్ని చూపాలి. పోర్ట్‌ఫోలియోకు ఉన్న లోపం ఎంపికలోనే ఉంది: విద్యార్థి బాగా వచ్చిన పాఠాన్నే లోపల పెడతాడు, చెడిపోయినదాన్ని బయటే వదిలేస్తాడు, ఉపాధ్యాయుడిగా అతడు ఎదిగింది మాత్రం ఎక్కువగా ఆ చెడిపోయిన పాఠాల వల్లనే. వీడియో తీసేముందు తల్లిదండ్రుల అనుమతి తప్పనిసరి. బిడ్డ వివరాలను గోప్యంగా ఉంచడమూ అంతే ముఖ్యం.

పరిశోధన దగ్గర కొంతసేపు ఆగాలి. ఒకే రకమైన అవసరాలున్న పిల్లలు పెద్ద సంఖ్యలో ఒకచోట దొరకరు కాబట్టి, ఈ రంగంలో విద్యార్థులు ఏక వ్యక్తి అధ్యయనాన్ని ఎక్కువగా ఎంచుకుంటారు. ముందు ఏ జోక్యమూ లేకుండా బిడ్డ స్థితిని పలుమార్లు కొలిచి బేస్‌లైన్ తీస్తారు, తర్వాత బోధనను ప్రవేశపెట్టి మార్పును గమనిస్తారు. ఆ మార్పు బోధన వల్లనే వచ్చిందని చూపేందుకు దాన్ని ఆపి మళ్లీ మొదలుపెట్టే పద్ధతి ఒకటుంది. అయితే చదవడం నేర్చిన బిడ్డ దాన్ని వెనక్కి ఇవ్వలేడు. తనను తాను గాయపరచుకునే అలవాటు తగ్గిన బిడ్డకు సాయం ఆపడం నైతికంగా తగదు. అలాంటి చోట ఇద్దరు ముగ్గురు పిల్లలకు వేర్వేరు సమయాల్లో బోధన ప్రారంభించే బహుళ బేస్‌లైన్ పద్ధతి వాడతారు; ఎవరికి బోధన మొదలైతే వారిలోనే అప్పుడు మార్పు కనిపిస్తే, అది బోధన వల్లనేనని తేలుతుంది. కనీసం 20 శాతం సందర్భాల్లో రెండో పరిశీలకుడు కూడా విడిగా కొలవాలని, ఇద్దరి లెక్కలు 80 శాతమైనా కలవాలని సాధారణంగా ఆశిస్తారు. ఈ క్రమశిక్షణ జీవితాంతం పనికొస్తుంది. కానీ పరిశోధన నైతికంగా తగినదేనా అని పరిశీలించే సంఘం అనుమతికే వారాలు పడతాయి, బేస్‌లైన్ స్థిరపడక ముందే సెలవులు వచ్చేస్తాయి, గడువు దగ్గరపడుతుంటే తొందరపాటు నిర్ణయాలు తప్పవు. పీహెచ్‌డీ వైపు వెళ్లదలచినవారు ఈ కష్టానికి సిద్ధపడి పరిశోధననే ఎంచుకోవడం మేలు.

తరగతి గదికే వెళ్లేవారికి నేను చెప్పేది పోర్ట్‌ఫోలియోనే, అయితే ఒక షరతుతో: ఒక బిడ్డ పురోగతి గ్రాఫు మొదటి వారం నుంచి చివరి వారం వరకు, పడిపోయిన బిందువులతో సహా, అందులో ఉండాలి. 1970లలో స్టాన్లీ డీనో, ఆయన సహచరులు మిన్నెసోటా విశ్వవిద్యాలయంలో రూపొందించడం మొదలుపెట్టిన పాఠ్యాధారిత కొలత ఇందుకు చక్కగా సరిపోతుంది. బిడ్డ ఒక నిమిషంలో తప్పు లేకుండా చదివిన పదాలను క్రమం తప్పకుండా లెక్కించి గ్రాఫు మీద గుర్తిస్తారు. వరుసగా నాలుగు బిందువులు లక్ష్యరేఖకు (ఆరంభ స్థాయి నుంచి చేరవలసిన స్థాయికి గీసిన గీతకు) కింద పడితే బోధనను మార్చాలన్నది ఈ కొలతలో వాడుకలో ఉన్న నియమం. పోర్ట్‌ఫోలియోకు తోడుగా మౌఖిక పరీక్ష కూడా పెట్టాలి. పరీక్షకులు ఆ గ్రాఫును బల్లమీద పరచి, గీత కిందికి దిగిన చోట వేలు పెట్టి, “ఆ వారం మీరు ఏం మార్చారు? ఎందుకు మార్చారు?” అని అడగాలి.