మొదట కాటా, ఆ తర్వాతే స్ప్రింగులు: మా ప్రాడోకి వేయించిన, బరువు పరిమితి పెంచే జీవీఎం కిట్ సంగతి

రోజూ ప్యాలెట్ల బరువులు చూడడమే నా ఉద్యోగం. మెల్‌బోర్న్‌లో ఒక గోడౌన్ లోడింగ్ డాక్ దగ్గర పన్నెండేళ్ళుగా పనిచేస్తున్నాను. ముందు ఇరుసు మీద ఎంత పడింది, వెనక ఎంత పడింది అన్నది చూడకుండా ఏ లారీనీ గేటు దాటనివ్వను. అలాంటివాణ్ణి సొంత బండిని మాత్రం ఒక్కసారి కూడా కాటా ఎక్కించలేదు. దాని ఫలితం దక్షిణ ఆస్ట్రేలియా ఎడారిలోని ఊడ్నడట్టా ట్రాక్ మీద అనుభవించాను.

బండి 2017 మోడల్ టొయోటా ప్రాడో జీఎక్సెల్, డీజిల్. రెండేళ్ళ క్రితం జూలైలో మేం నలుగురం మారీ నుంచి మార్లా దాకా, సుమారు 620 కిలోమీటర్లు, ఆ మట్టిరోడ్డు మీద వెళ్ళాం. పాత ఘాన్ రైలు నడిచిన దారి అది. బండికి అప్పటికి కంపెనీ స్ప్రింగులే, కంపెనీ షాకబ్జర్లే. ముందు స్టీల్ బుల్‌బార్, దానికి ఇరుక్కుంటే బండిని లాగే వించ్. వెనక డ్రాయర్లు, ఫ్రిజ్, అరవై లీటర్ల నీళ్ళు. నెత్తిన ర్యాక్, టెంటు, రెండో స్టెప్నీ. ఇవి చాలవన్నట్టు మా ఆవిడ అయిదు లీటర్ల కుక్కరు, పది కిలోల బియ్యం. "దారిలో ఏం దొరుకుతుందో ఏమో" అంది. విలియం క్రీక్‌లో పబ్బు తప్ప ఏమీ లేదు కాబట్టి ఆ మాట తప్పు కాదనుకోండి.

ఆ రోడ్డు రేకుల షెడ్డు పైకప్పులా అలలు అలలుగా ఉంటుంది. ఇక్కడ కారుగేషన్లు అంటారు. అలకీ అలకీ మధ్య ముప్పావు మీటరు ఉందనుకుందాం. గంటకి 80లో పోతే సెకనుకి ముప్పై దాకా దెబ్బలు. ప్రతి దెబ్బకీ షాకబ్జర్ లోపలి పిస్టన్ కదులుతుంది, ఆ కదలికంతా వేడిగా మారి లోపలి నూనెలోకి పోతుంది. నూనె వేడెక్కి పలచబడుతుంది, గాలి కలిసి నురగ కడుతుంది. ఆ తర్వాత షాకబ్జర్ ఉన్నా లేనట్టే. రెండో రోజు మధ్యాహ్నానికి మా బండి వెనకభాగం పడవలా ఊగడం మొదలైంది. ప్రతి గుంటకీ, స్ప్రింగు పూర్తిగా నొక్కుకుపోతే ఆపే వెనక బంప్ స్టాప్ రబ్బరు మీద ఇరుసు 'ధన్' మని కొడుతోంది. కౌవర్డ్ స్ప్రింగ్స్ అనే ఊటల దగ్గర ఆగి కిందికి వంగి చూస్తే వెనక కుడివైపు షాకబ్జర్ మీద నూనె చెమ్మ, దానికి ఎర్రమట్టి అంటుకుని ముద్ద కట్టింది. తప్పు బండిది కాదు. దాని నెత్తిన పెట్టినవాడిది.

చీకటి పడే వేళ మార్లా దగ్గర స్టూవర్ట్ హైవే ఎక్కితే ఎదురొచ్చే ప్రతి రోడ్ ట్రైన్ (ట్రైలర్లు గొలుసుగా లాగే పెద్ద లారీ) వాడూ లైట్లు కొట్టడమే. నావి డిమ్‌లోనే ఉన్నాయి. వెనక కూలబడి ముందు పైకి లేచిన బండి, ఆకాశానికి లైట్లు వేసుకుంటూ పోతోందని అర్థం కావడానికి నాకు అరగంట పట్టింది.

తిరిగొచ్చాక మొదట వెళ్ళిన షాపువాడు అడిగిన మొదటి ప్రశ్న: "ఎంత ఎత్తు లేపాలి?" రెండంగుళాలు లేపితే బండి చూడ్డానికి ఎలా ఉంటుందో ఫోన్‌లో ఫోటోలు చూపించాడు. కొటేషన్ కూడా అక్కడికక్కడే. నా బండిలో ఏముందో అడగలేదు, డోరు కూడా తెరవలేదు. రెండో షాపాయన అరవై దాటిన మనిషి. నేను స్ప్రింగుల గురించి మాట్లాడబోతే ఆపి, "కాటా చీటీ తెచ్చారా?" అన్నాడు. లేదన్నాను. "ట్రిప్పుకి ఎలా వెళ్తారో అలాగే మొత్తం సర్ది, ట్యాంకులు నింపి, మనుషులు కూడా కూర్చుని తూకం వేయించుకుని రండి. అప్పుడు మాట్లాడదాం." పొద్దున్న లేచి వేరేవాళ్ళకి నేను చెప్పే మాటే అది. సిగ్గేసింది.

శనివారం పొద్దున పిల్లల్ని నిద్రలేపి, టెంటుతో సహా అంతా ఎక్కించి పబ్లిక్ వే బ్రిడ్జికి తీసుకెళ్ళాను. ముందు చక్రాలు మాత్రం ఎక్కించి ఒక తూకం, బండి మొత్తం ఎక్కించి ఇంకొకటి. ముందు 1,380. మొత్తం 3,140. అంటే వెనక 1,760. మా ప్రాడో జీవీఎం, అంటే మనుషులతో సామానుతో కలిపి బండి దాటకూడని మొత్తం బరువు, 2,990 కిలోలు. 150 కిలోలు ఎక్కువతో రెండు వేల కిలోమీటర్లకి పైగా తిరిగొచ్చాను. ఏదైనా జరిగి ఉంటే ఇన్సూరెన్స్ వాళ్ళు క్లెయిమ్ తోసిపుచ్చడానికి ఆ ఒక్క అంకె చాలు.

ఆ చీటీ చూసి ఆయన స్ప్రింగులు అమ్మలేదు. ముందు సామాను తగ్గించమన్నాడు. రెండో స్టెప్నీ ఎందుకు? ఊడ్నడట్టా ట్రాక్‌కి ఒక మంచి స్టెప్నీ, పంక్చర్ కిట్, చిన్న కంప్రెసర్ చాలన్నాడు. నెత్తి మీది స్టీల్ క్యాన్లు తీసేయమన్నాడు. ప్రాడోకి రెండు ట్యాంకులూ కలిపి 150 లీటర్లు పడుతుంది, ఆ దారిలో మధ్యమధ్య డీజిల్ దొరుకుతుంది, అదనపు క్యాన్లు దేనికి? ఇలా డెబ్భై కిలోలు దిగాయి. కుక్కరు దిగలేదు. ఇంకా 3,070. మిగిలిన ఎనభై కిలోలకి దారి రెండే: పిల్లల్ని ఇంట్లో వదిలెయ్యడం, లేదా జీవీఎం పెంచడం.

ఇక్కడ చాలామంది పొరబడే విషయం ఒకటుంది. గట్టి స్ప్రింగులు వేస్తే బండి నిటారుగా నిలబడుతుంది, అంతే. బండికి కంపెనీ వేసిన ప్లేటు మీది జీవీఎం అంకె మారదు. బండి 2,990 మీద ఒక్క కిలో ఎక్కువ తూగినా, ఎంత దర్జాగా నిలబడ్డా, అది చట్టం కళ్ళకి ఓవర్‌లోడే. అంకె మారాలంటే స్ప్రింగులూ షాకబ్జర్లూ కలిపి జీవీఎం కోసం పరీక్షించిన కిట్ వెయ్యాలి, విక్టోరియాలో అయితే వాస్ ఇంజనీరు, అంటే ప్రభుత్వ గుర్తింపు ఉన్న ఇంజనీరు, చూసి సర్టిఫికెట్ ఇవ్వాలి. కొత్త బండికి రిజిస్ట్రేషన్ కాకముందే ఇది చేయిస్తే ఆ అనుమతి దేశమంతటా చెల్లుతుంది. రిజిస్టర్ అయ్యాక చేయిస్తే ఆ రాష్ట్రం నిబంధనల కిందికి వస్తుంది. మాది రెండో రకం. క్యారవాన్ లాగేవాళ్ళకి ఇంకో మెలిక: జీవీఎం పెరిగినంత మాత్రాన బండీ క్యారవానూ కలిపిన మొత్తం పరిమితి, జీసీఎం, దానంతటదే పెరగదు. మేం ఏదీ లాగం కాబట్టి ఆ గొడవ నాకు లేదు.

కిట్ ఏ బ్రాండో రాయడం లేదు. ఓల్డ్ మ్యాన్ ఈము, టఫ్ డాగ్, డాబిన్సన్స్, ఐరన్‌మ్యాన్ అంటూ పేర్ల మీద వాదించుకునే టైమ్‌లో సగం బరువు లెక్కకి పెడితే ఎక్కువ లాభం అన్నది నా అభిప్రాయం. నాకు వేసినవి: ముందు బుల్‌బార్, వించ్ బరువుకి తగ్గ స్ప్రింగులు. వెనక ఎప్పుడూ బరువు మోసే బండికి పనికొచ్చే గట్టి స్ప్రింగులు. నాలుగు వైపులా లావు బాడీ ఫోమ్ సెల్ షాకబ్జర్లు. వీటిలో గ్యాస్ బదులు ఒకరకం ఫోమ్ ఉంటుంది. నూనెలో గాలి కలవకుండా, నురగ కట్టకుండా అది కాపాడుతుంది. నూనె కూడా ఎక్కువ పడుతుంది కాబట్టి వేడెక్కడానికి టైమ్ తీసుకుంటుంది. బండి 40 మిల్లీమీటర్లు లేచింది. ముందు లేస్తే చక్రాల కోణాలు మారిపోతాయి కాబట్టి చక్రాన్ని చాసిస్‌కి పట్టి ఉంచే పై కంట్రోల్ ఆర్మ్‌లు కూడా మార్చి అలైన్‌మెంట్ చేశారు. ఈ ఆర్మ్‌లు అదనపు ఖర్చు. వద్దనుకున్నాను గానీ ఆయన పట్టుబట్టాడు. హైవే మీద స్టీరింగ్ వదిలేసినట్టు అనిపించకుండా తిన్నగా పోతోందంటే అది వాటి చలవే.

మొత్తం 4,300 డాలర్లు అయింది. ఆర్మ్‌లు, అలైన్‌మెంట్, ఇంజనీరు ఫీజు అన్నీ కలిపి. ప్లేటు మీది అంకె మూడొందల కిలోల పైచిలుకు పెరిగింది.

పనిలో తప్పు జరగకపోలేదు. బండి తెచ్చుకున్న మర్నాడు కార్పెట్ షాపు బయట అద్దంలో చూసుకుంటే కుడివైపుకి ఒరిగినట్టు కనిపించింది. నా అనుమానమేమో అనుకుని టేపు పెట్టి కొలిచాను, చక్రం మధ్య నుంచి మడ్‌గార్డ్ అంచు దాకా. ముందు కుడివైపు 14 మిల్లీమీటర్లు తక్కువ. డ్రైవర్ వైపు బరువు ఎక్కువ కాబట్టి ఆ స్ప్రింగు కొంచెం పొడవుగా ఇస్తారట, ఫిట్ చేసిన కుర్రాడు కుడిదీ ఎడమదీ తారుమారు చేశాడు. తీసుకెళ్తే పెద్దాయన ఒక్క మాట ఎదురు చెప్పకుండా మధ్యాహ్నానికల్లా మార్చి, అలైన్‌మెంట్ మళ్ళీ ఉచితంగా చేయించాడు. సర్టిఫికెట్ కాగితం మాత్రం మూడు వారాలు తిప్పించింది. వెయ్యి కిలోమీటర్ల తర్వాత బోల్టులన్నీ మళ్ళీ బిగించడానికి రమ్మన్నారు, వెళ్ళాను. రెండు బోల్టులు నిజంగానే కొంచెం తిరిగాయి. ఆ పని ఎవరూ మానెయ్యొద్దు.

పోయిన జూలైలో అదే దారి. మిల్డ్యూరా, బ్రోకెన్ హిల్, ఫ్లిండర్స్ కొండలు, లిండ్‌హర్స్ట్ దాటి మారీ. మారీలో టైర్ల గాలి 38 నుంచి 26 పీఎస్ఐకి దించాను. ఇది పైసా ఖర్చు లేని సస్పెన్షన్ అప్‌గ్రేడ్. మొదటి ట్రిప్పులో బద్ధకించి దించలేదు, షాకబ్జర్ చావుకి అదీ ఒక కారణమే. స్పీడు కూడా 70 దాటనివ్వలేదు. ఈసారి కౌవర్డ్ స్ప్రింగ్స్‌లో ఆగి వెనక షాకబ్జర్ మీద చెయ్యి వేస్తే అర సెకను ఉంచలేకపోయాను, అంత వేడి. కానీ చెమ్మ లేదు, ఊగడం లేదు. పిల్లలు అక్కడి గోరువెచ్చని ఊటనీటి మడుగులో దిగి గంటన్నర బయటికి రాలేదు, ఆలోగా బండి కూడా చల్లారింది. ఆల్గెబకీనా పాత రైలు వంతెన దాకా ఒక్కసారి కూడా బంప్ స్టాప్ తగల్లేదు. తర్వాత ఒక ఎండిన వాగులో చూసుకోకుండా 60లో దిగితే ఒకే ఒక్కసారి తగిలింది. ఆ దెబ్బకి పాత బండి అయితే మా నలుగురి నాలుకలు తెగేవి.

మార్లాకి ఈసారీ చీకటి వేళకే చేరాం. ఒక్క రోడ్ ట్రైన్ కూడా లైట్లు కొట్టలేదు. 4,300 డాలర్లలో నాకు బాగా గిట్టుబాటు అయినట్టు అనిపించింది ఆ క్షణమే.

డీజిల్ వంద కిలోమీటర్లకి అర లీటరు ఎక్కువ తాగుతోంది. మా అమ్మాయికి బండి ఎక్కడానికి సైడ్ స్టెప్ ఉన్నా కష్టంగానే ఉంది. ఇవి నాకు పెద్ద లెక్క కాదు.

అసలు చిక్కు ఖాళీ బండితో. ఆ గట్టి స్ప్రింగులు బరువు కోసం పుట్టినవి. బరువు లేకపోతే స్కూల్ దగ్గర స్పీడ్ బ్రేకర్ మీద బండి వెనక గుర్రప్పిల్లలా ఎగురుతుంది. పెద్దాయన ముందే చెప్పాడు: "ఏడాదిలో మూడు వారాలు లోడుతో తిరిగి మిగతా రోజులు ఆఫీసుకి వెళ్ళే బండి అయితే ఈ స్ప్రింగు వేసుకుని నన్ను తిట్టుకుంటారు." డ్రాయర్లు, ఫ్రిజ్ ఎప్పుడూ బండిలోనే ఉంటాయని నేను వాదించాను. ఉంటున్నాయి కూడా. అయినా చాలలేదు. వెనక సీట్లో కూర్చున్న మా అత్తగారు ఒక ఆదివారం గుడి నుంచి వచ్చేదాకా ఓపిక పట్టి, దిగాక, "అల్లుడుగారూ, ఈసారి బస్సులో వస్తాను" అన్నారు. మీ బండిలో శాశ్వతంగా ఉండే బరువు రెండొందల కిలోలు కూడా లేకపోతే దీని కంటే ఒక మెట్టు మెత్తని స్ప్రింగు చూసుకోండి. దానికోసం ట్రిప్పు సామాను తగ్గించుకోవలసి వచ్చినా సరే.

నేను మాత్రం ఇప్పుడు స్ప్రింగులు మార్చే ఉద్దేశంలో లేను. ఇరవై లీటర్ల నీళ్ళ క్యాన్లు మూడు నింపి వెనక డ్రాయర్ల మీద కట్టేశాను, చాలావరకు కుదుటపడింది. కూరగాయలకి వెళ్తూ అరవై లీటర్ల నీళ్ళు ఎందుకు మోస్తున్నామని మా ఆవిడ వారానికోసారి అడుగుతుంది. కుక్కరు ఎందుకు మోశామో చెప్పమంటాను.