కాళ్ల వాపుకు నీటి మాత్రా, మందు మార్పా?

ఒడిశాలోని పర్లాకిమిడి, బరంపురం ప్రాంతాల తెలుగు ఇళ్లలో, రక్తపోటుకు అమ్లోడిపిన్ వాడేవారికి సాయంత్రానికి చీలమండలు ఉబ్బి, చెప్పు పట్టీ అచ్చు చర్మంపై పడుతుంటే, ముందుగా వినిపించే సలహా నీరు తీసే మాత్ర వేసుకోమన్నదే. పక్కింటివారి మాత్ర అరువు తెచ్చుకునేవారూ ఉన్నారు. కానీ ఈ వాపు ఒంట్లో నీరు ఎక్కువై వచ్చేది కాదు. మందు సన్నని ధమనులను వెడల్పు చేసినంతగా సిరలను చేయనందున, కేశనాళికల్లో ఒత్తిడి పెరిగి ద్రవం కణజాలంలోకి ఊరుతుంది. అందుచేత నీటి మాత్రతో వాపు అంతగా తగ్గకపోగా, ఈ గంజాం ప్రాంతపు ఎండల్లో చెమటతో పాటు మూత్రంలోనూ సోడియం పోయి, లేచి నిలబడగానే కళ్లు తిరిగే ప్రమాదం ఉంటుంది.

రెండో మార్గం, వైద్యుని సలహాతో అమ్లోడిపిన్‌ను 10 మిల్లీగ్రాముల నుంచి 5కు తగ్గించి, టెల్మిసార్టాన్ వంటి మరో రక్తపోటు మందును జోడించడం. వాపు మోతాదును బట్టి పెరిగేది కనుకా, టెల్మిసార్టాన్ సిరలను కూడా సడలిస్తుంది కనుకా, నాకు ఇదే మేలనిపిస్తుంది. అయితే గర్భిణులకు టెల్మిసార్టాన్ పనికిరాదు. మొదలుపెట్టిన కొన్ని వారాలకు పొటాషియం, మూత్రపిండాల పనితీరు తెలిపే క్రియాటినిన్ రక్తపరీక్షలు చేయించాలి.

ఒక కాలే వాచినా, ఆయాసం తోడైనా ఈ తర్కమంతా పక్కనపెట్టి వెంటనే వైద్యుణ్ణి చూడాలి. గుండె, మూత్రపిండాల జబ్బుతో వచ్చిన వాపుకైతే నీటి మాత్రే అవసరం కావచ్చు.