డిప్‌స్టిక్ లేని ఆటోమేటిక్‌లో గేర్ ఆయిల్ మార్పించాను: చాన్నాళ్లు నడిపాక చెబుతున్న మాట

ఈ కారు మీద నాకున్న కోపమంతా ఒక్క వస్తువు మీదే. అదీ కారులో లేని వస్తువు: గేర్‌బాక్స్ డిప్‌స్టిక్, అంటే ఆయిల్ ఎంతుందో ముంచి చూసే పుల్ల. ఇంజన్, సీట్లు, ఏసీ, సస్పెన్షన్ గురించి రాయాల్సినవాళ్లు ఎప్పుడో రాసేశారు, వాటి జోలికి పోను.

పాత ఆటోమేటిక్‌లలో బానెట్ ఎత్తి, డిప్‌స్టిక్ లాగి, తెల్ల గుడ్డకు తుడిస్తే సగం సంగతి తెలిసిపోయేది. ఎర్రగా ఉందా, గోధుమరంగుకు తిరిగిందా, నల్లబడిందా, మాడు వాసన వస్తోందా? రెండు నిమిషాల పని. నా కారులో ఆ గొట్టమే లేదు. కింద ఆయిల్ మట్టం చూసే ఒక చెక్ ప్లగ్, పక్కన చెయ్యి దూరని చోట ఆయిల్ పోసే ఒక ఫిల్ ప్లగ్. ఆయిల్ ఎంత ఉందో చూడాలంటే కారు లిఫ్ట్ ఎక్కాలి, ఎటూ ఒరగకుండా సమంగా నిలబడాలి, ఇంజన్ నడుస్తుండాలి, ఆయిల్ వేడి ఎంతో కారు కంప్యూటర్‌కు తగిలించే స్కానర్‌లో కనిపించాలి. ఇంత తతంగం పెట్టినవాళ్లు సర్వీసు పుస్తకంలో మాత్రం ఆ ఆయిల్ మార్చే ఊసే ఎత్తలేదు. గేర్‌బాక్స్‌లు తయారుచేసే జెడ్‌ఎఫ్ కంపెనీయేమో తన ఆటోమేటిక్‌లకు 80,000 నుంచి 1,20,000 కిలోమీటర్ల మధ్య, ఎంత తక్కువ తిరిగినా 8 ఏళ్లకల్లా, ఆయిల్ మార్చమంటుంది. కారు అమ్మేవాళ్లకు ఆ ముక్క పుస్తకంలో అచ్చేయడానికి చేతులు రావేమో.

సెకండ్ హ్యాండ్‌లో తీసుకున్నాను. మీటరు 1,80,000 దాటింది. ముందు యజమాని ఆయిల్ మార్పించాడో లేదో చెప్పే కాగితం ఒక్కటీ లేదు. నేను అడిగిన వాళ్లలో సగం మంది "ఇన్ని కిలోమీటర్లయ్యాక ముట్టుకోకు, కొండ నాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడుతుంది" అన్నారు. మిగతా సగం "ఇంకా ఆలస్యం చేస్తే అసలుకే మోసం" అన్నారు. ఇద్దరిలో ఎవరూ నా గేర్‌బాక్స్‌లోకి తొంగి చూడలేదు. చూసే దారి లేదు కాబట్టే ఈ వాదన ఇంత కాలం నడుస్తోందని నా అనుమానం.

ముట్టుకోవద్దనేవాళ్ల వాదన ఇదీ: క్లచ్ ప్లేట్లు అరిగి రాలిన పొడి పాత ఆయిల్‌లో తేలుతూ ఉంటుంది, మిగిలిన పట్టంతా దానివల్లే. కొత్త ఆయిల్ పోస్తే ఆ పొడి పోయి గేర్లు జారతాయి. ఇందులో నిజం బొత్తిగా లేదని అనను. ప్లేట్లు అరిగిపోయి, లోపల మడ్డి పేరుకున్న గేర్‌బాక్స్‌కు మెషిన్ పెట్టి ఒక్కసారిగా కడిగేస్తే, ఊడిన మడ్డి, ఆయిల్‌ను క్లచ్‌లకు పంచే వాల్వ్ బాడీ సందుల్లో ఇరుక్కోవచ్చు. కానీ ఈ కథల్లో ఎక్కువ భాగం అప్పటికే గేరు జారుతున్న కార్లవి. జారడం మొదలయ్యాకే చాలామందికి ఆయిల్ గుర్తొస్తుంది. మాడిపోయిన ప్లేటు మీద కొత్త ఆయిల్ లైనింగ్ పుట్టించదు కదా. వారానికో నెలకో గేర్‌బాక్స్ చేతులెత్తేస్తే నింద కొత్త ఆయిల్ నెత్తిన పడుతుంది.

నా కారులో జారుడు లేదు. ఉన్నదల్లా ఒక వణుకు. అరవై, డెబ్బై వేగంలో యాక్సిలరేటర్ మీద కాలు అలా ఆనించి ఉంచితే, రోడ్డు నున్నగా ఉన్నా చక్రాల కింద చిన్న చిన్న గతుకులు తగిలినట్టు ఒకటి రెండు సెకన్లు వణికేది, ఆర్‌పీఎం ముల్లు కూడా దాంతోపాటే సన్నగా ఊగేది. ప్లగ్గులు, ఇంజన్ మౌంటులు ముందే చూపించాను, బాగానే ఉన్నాయి. ఖాళీ రోడ్డు మీద, వణుకుతుండగా, యాక్సిలరేటర్ కదపకుండా ఎడమ కాలితో బ్రేక్ పెడల్‌ను బ్రేక్ లైటు వెలిగేంత మాత్రమే తాకాను. టక్కున ఆగిపోయింది. బ్రేక్ తగలగానే, ఇంజన్ శక్తిని ఆయిల్ ద్వారా గేర్‌బాక్స్‌కు అందించే టార్క్ కన్వర్టర్‌లోని లాకప్ క్లచ్ (ఆ రెంటినీ నేరుగా కలిపి పట్టుకునేది) విడిపోతుంది కాబట్టి, వణుకు అక్కడిదేనని తేలింది. ఆయిల్‌లో క్లచ్ పట్టును నున్నగా ఉంచే ఫ్రిక్షన్ మాడిఫయర్లు వాడుకలో తరిగిపోతాయి. తరిగితే ఆ క్లచ్ పట్టి, వదిలి, పట్టి, వదిలి ఇలా వణికిస్తుంది. ఆయిల్ మార్చితే బాగుపడే అవకాశం ఉన్న రోగాల్లో ఇదొకటి. నేను మార్పించడానికి ఒప్పుకున్నది ఈ ఒక్క కారణంతోనే.

మెషిన్ ఫ్లష్ వద్దన్నాను. గేర్‌బాక్స్ అడుగున ఆయిల్ నిలిచే పాన్ విప్పించి, ఫిల్టర్ మార్పించి, దిగినంత దింపి, అంతే పోయించుకునే పద్ధతికి వెళ్లాను. ఇలా చేస్తే మొత్తం ఆయిల్‌లో సుమారు 40 శాతమే బయటికొస్తుంది, మిగతాది టార్క్ కన్వర్టర్‌లోనూ కూలర్ గొట్టాల్లోనూ ఉండిపోతుంది. అంటే మొదటి విడతకు 40, రెండో విడతకు 64, మూడో విడతకు 78 శాతం కొత్త ఆయిల్ అన్నమాట. నిదానమైన దారే. వయసైన గేర్‌బాక్స్‌కు ఆ నిదానమే నాకు నచ్చింది.

మొదటి విడతలో దిగిన ఆయిల్ చూస్తే ఎవరికైనా గుండె జారుతుంది. ట్రేలో నల్లగా ఉంది, వెలుగుకు పెట్టి చూస్తే అంచుల్లో ముదురు గోధుమరంగు. ముక్కు దగ్గర పెట్టుకున్నాను, మాడు వాసన లేదు. పాన్ అడుగున ఉన్న అయస్కాంతాల మీద బూడిదరంగు మడ్డి మందంగా పట్టి ఉంది. వేలికి తీసుకుని రుద్దితే ఎక్కడా గరుకు తగల్లేదు, లోహపు పెంకులు లేవు, రాగిరంగు మెరుపు లేదు. ఇన్నేళ్ల అరుగుదలకు అంత మడ్డి మామూలే. పెంకు ఒక్కటి దొరికినా ఆ ఖర్చు అక్కడితో ఆపేసి గేర్‌బాక్స్ విప్పించే మాట ఆలోచించేవాణ్ణి. రంగు ఒక్కటే చూసి తీర్పు చెప్పేవాళ్లను మాత్రం నమ్మకండి. అన్ని ఏటీఎఫ్‌లూ (ఆటోమేటిక్ గేర్‌బాక్స్ ఆయిళ్లు) ఎర్రగా పుట్టవు, జెడ్‌ఎఫ్ ఎనిమిది గేర్ల ఆటోమేటిక్‌ల ఆయిల్ కొత్తలోనే ఆకుపచ్చగా ఉంటుంది.

మొదటి విడత సాఫీగా అయిపోయింది. కారు రాత్రంతా అక్కడే ఉంది, పొద్దున్నే చల్లగా ఉండగా మొదలుపెట్టారు. వణుకు సగానికి సగం తగ్గింది.

రెండో విడత దగ్గర వచ్చింది అసలు తంటా. అదే వర్క్‌షాపు, అదే చేతులు. ఈసారి నేను దూర ప్రయాణం నుంచి నేరుగా అక్కడికే వెళ్లాను, గేర్‌బాక్స్ కాలిపోతోంది. వాళ్లకూ తొందరగా ఉన్నట్టుంది, చల్లారేదాకా ఆగలేదు. ఆయిల్ దింపారు, పోశారు, ఇంజన్ స్టార్ట్ చేసి చెక్ ప్లగ్ తీశారు, ఎక్కువైంది కారిపోయింది, బిగించి పంపించారు.

మర్నాడు పొద్దున డీలో వేస్తే కారు కదల్లేదు. రెండు సెకన్లు అలాగే నిలబడి, ఆ తర్వాత దబ్బున అందుకుంది. నాలుగు వీధులు తిరిగేసరికి మామూలుగా అయింది. రివర్స్‌లోనూ ఇదే తంతు. తర్వాత ఒక పొడవాటి మలుపులో ఇంజన్ ఒక్కసారిగా గొంతు పెంచింది, కారు వేగం మాత్రం పెరగలేదు. మలుపు దాటగానే సర్దుకుంది. నా కడుపులో పడ్డ రాయి మాత్రం కదల్లేదు. కొండ నాలుక సామెత చెప్పినవాళ్ల మొహాలన్నీ వరసగా కళ్లముందు తిరిగాయి. వర్క్‌షాపుకు ఫోన్ చేస్తే "పాత గేర్‌బాక్స్ కదా సార్, కొత్త ఆయిల్‌కు అలవాటు పడాలి, కొన్నాళ్లు నడపండి" అన్నారు. కొన్నాళ్లు నడిపి ఉంటే ఏమయ్యేదో తలుచుకుంటే ఇప్పటికీ వాళ్ల మీద కోపం వస్తుంది.

ఆటోమేటిక్‌లు మాత్రమే చూసే ఇంకో మెకానిక్ దగ్గరికి తీసుకెళ్లాను. ఆయన కారు ముట్టుకోకముందే రెండు ప్రశ్నలు వేశాడు. "ప్లగ్ తీసినప్పుడు ఆయిల్ వేడి ఎంతుందో చూశారా? ప్లగ్ బిగించేటప్పుడు ఇంజన్ ఆన్‌లో ఉందా?" మొదటిది చూడలేదు. రెండోదానికి నాకు బాగా గుర్తుంది, ఇంజన్ ఆపేశాకే బిగించారు. ఆయన నవ్వాడు. "అయితే ఆయిల్ తప్పేం లేదు సార్, ఆయిల్ తక్కువైంది, అంతే."

తర్వాత తీరిగ్గా వివరించాడు. ఆయిల్ వేడెక్కితే ఉబ్బుతుంది. బాగా వేడి మీద ప్లగ్ తీస్తే, ఉండాల్సిన ఆయిల్ కూడా ఎక్కువైనట్టు కారిపోతుంది. ఇంజన్ ఆపితే అంతకన్నా నష్టం. పంపు ఆగిపోతుంది, పైన తిరుగుతున్న ఆయిల్ పాన్‌లోకి దిగుతుంది, తెరిచి ఉన్న ప్లగ్ గుండా అదీ పోతుంది. మర్నాడు చల్లబడ్డాక మిగిలింది ఇంకా కుదించుకుపోతుంది. మలుపులో ఆయిల్ ఒక పక్కకు ఒరిగితే పంపు గాలి పీలుస్తుంది. గాలి కలిసిన ఆయిల్‌కు క్లచ్‌ను నొక్కే ప్రెషర్ ఉండదు. పొద్దున్నే ఎందుకు ఎక్కువ, మలుపులోనే ఎందుకు, అన్నీ లెక్కకు సరిపోయాయి.

కారు సాయంత్రం దాకా చల్లారబెట్టాడు. ఫిల్ ప్లగ్ ఊడుతుందో లేదో ముందు చూసుకుని, ఆ తర్వాతే కింద చెయ్యి పెట్టాడు. నాకు బాగా నచ్చిన పని అది. ఫిల్ ప్లగ్ తుప్పుపట్టి రాకపోతే, కింద ఆయిల్ వదిలేసిన కారు లిఫ్ట్ దిగలేదు. స్కానర్ పెట్టి, ఇంజన్ స్టార్ట్ చేసి, బ్రేక్ మీద కాలు ఉంచి ప్రతి గేరులో కొన్ని సెకన్లు ఆపుతూ లివర్ తిప్పాడు. స్క్రీన్ మీద అంకె మెల్లగా ఎక్కుతోంది. 38, 39. 40 డిగ్రీల దగ్గర చెక్ ప్లగ్ తీశాడు. చుక్క రాలేదు. ఇంజన్ నడుస్తుండగానే పంపుతో పైనుంచి ఎక్కిస్తూ పోయాడు. అర లీటరు పైనే పట్టాక కింద ఒక చుక్క, తర్వాత సన్నటి ధార. ధార చుక్కల్లోకి మారగానే, ఇంజన్ ఆపకుండానే, బోల్టు బిగించేశాడు. మరునాటి నుంచి డీలో వేయగానే కారు కదిలింది. మలుపులో ఆ గొంతు మళ్లీ వినపడలేదు.

ఇదంతా ఒక డిప్‌స్టిక్ ఉంటే నా గుమ్మంలోనే తేలిపోయేది. అందుకే ఆ కోపం ఇంకా తగ్గలేదు.

ఫలితం సంగతి. లెవెల్ సరిచేశాక వణుకు పూర్తిగా పోయింది. గేర్లు వెన్నలా పడుతున్నాయని అప్పట్లో కనపడ్డవాళ్లందరికీ చెప్పాను. ఇప్పుడు కొంచెం తగ్గించి చెప్పాలి. ఆ రోజే స్కానర్‌తో గేర్‌బాక్స్ కంప్యూటర్ నేర్చుకున్న పాత లెక్కలు కూడా చెరిపేశారు. షిఫ్టులు మెత్తబడటంలో ఆయిల్ వాటా ఎంతో, రీసెట్ వాటా ఎంతో విడదీయలేను. మైలేజీలో తేడా ఏమీ కనపడలేదు. ఎండాకాలం, నిండా మనుషులతో పొడవాటి ఘాట్ ఎక్కుతుంటే మాత్రం ఆ పాత వణుకు ఎప్పుడన్నా ఒకసారి పలకరిస్తోంది. లాకప్ క్లచ్ లైనింగే కొంత నున్నబడి ఉంటుందని ఆ మెకానిక్ అభిప్రాయం, నాకూ నిజమే అనిపిస్తోంది. వేడి పెరిగేకొద్దీ ఆయిల్ వేగంగా పాడవుతుంది, ప్రతి 10 డిగ్రీలకు ఆక్సిడేషన్ వేగం దాదాపు రెట్టింపని ఒక మోటు లెక్క. ఘాట్లు ఎక్కే కార్లూ, ట్రాఫిక్‌లో పాకే కార్లూ, ట్రైలర్ లాగే కార్లూ ఆయిల్ మార్చకుండా ఎక్కువ కిలోమీటర్లు ఆగలేవు.

నా కారుకు మార్పించడం మంచిదే అయింది. మీ కారుకూ అంతే అవుతుందని హామీ ఇవ్వలేను. నాకు జారుడు లేదు, మాడు వాసన లేదు, పెంకులు లేవు, నా తిరుగుడు ఎక్కువగా హైవేల మీద, ఈ కారు ఇంకొన్నేళ్లు ఉంచుకోవాలనుకుంటున్నాను. వీటిలో ఏ ఒక్కటి తేడాగా ఉన్నా నా లెక్క వేరేగా ఉండేది. గేరు అప్పటికే జారుతుంటే ఆయిల్ మీద పెట్టే డబ్బు దాచుకుని రిపేరుకు వాడేవాణ్ణి. వచ్చే నెల అమ్మేసేదైతే ముట్టుకునేవాణ్ణే కాదు, దాచకుండా కొనేవాళ్లకు చెప్పేవాణ్ణి. నేను చెప్పిందంతా టార్క్ కన్వర్టర్ ఉన్న మామూలు ఆటోమేటిక్ సంగతి. గేర్లకు బదులు బెల్టూ పుల్లీలూ ఉండే సీవీటీకి దాని ఆయిలే పోయాలి, ఏటీఎఫ్ పోస్తే బెల్టుకూ పుల్లీకీ మధ్య పట్టు చెడుతుంది. ఆటోమేటిక్‌లలోనూ "అన్ని కార్లకూ పనికొస్తుంది" అనే డబ్బాలను నేను దూరం పెట్టాను. టొయోటా డబ్ల్యూఎస్, టీ-ఫోర్ ఆయిళ్లు రెండూ ఒకే కంపెనీవైనా ఒకదాని బదులు ఇంకోటి పోయకూడదు. అలాంటప్పుడు అందరికీ పనికొచ్చే డబ్బాను ఎలా నమ్మను?

మూడో విడత ఇంకా మిగిలే ఉంది. పాన్ విప్పినప్పటి నుంచి గాస్కెట్ ఒక మూల సన్నగా చెమరుస్తోంది, నేల మీద చుక్క పడేంత కాదు. అది అలాగే ఉంటే ఈసారి పాన్ జోలికి పోకుండా ప్లగ్ తీసి దింపించుకుంటాను, పెరిగితే ఎలాగూ విప్పక తప్పదు కాబట్టి కొత్త గాస్కెట్ వేయించి రెండు పనులూ ఒకేసారి కానిస్తాను. ఎటైనా ఆ రెండో మెకానిక్ దగ్గరే, కారు ముందు రోజు రాత్రే అక్కడ వదిలేసి.